ఆఫీసు వీపీఎన్ మొరాయిస్తోందా? టికెట్ పెట్టేముందు ఇవి చూడండి

వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే ఫ్రెండ్స్ నుంచి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఇది: "వీపీఎన్ పనిచేయట్లేదు, ఏం చెయ్యాలి?" నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే. అసలు కనెక్టే అవ్వట్లేదా? కనెక్ట్ అయ్యాక ఏమీ ఓపెన్ అవ్వట్లేదా? లేక మధ్యమధ్యలో తెగిపోతోందా? ఈ మూడింటికీ కారణాలు వేరు. అది తేల్చుకోకుండా రూటర్ ఆపుతూ, ఆన్ చేస్తూ కూర్చుంటే షిఫ్ట్ టైమ్ దాటిపోతుంది, లాగిన్ అవర్స్‌లో కోత పడేది మీకే.

ముందు వీపీఎన్ ఆఫ్ చేసి ఏదైనా మామూలు సైట్ తెరవండి. తెరుచుకోకపోతే గొడవ ఇంటర్నెట్‌ది. హాస్టల్, హోటల్ వైఫై అయితే వాళ్ల లాగిన్ పేజీ పూర్తి చేశాకే వీపీఎన్ జోలికి వెళ్లాలి. నెట్ బాగానే ఉంటే ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మళ్లీ ట్రై చేయండి. హాట్‌స్పాట్ మీద పనిచేసి ఇంటి వైఫై మీద చేయకపోతే తప్పు రూటర్‌దో, బ్రాడ్‌బ్యాండ్ లైన్‌దో. రెండిటి మీదా ఒకే ఎర్రర్ వస్తే మీ అకౌంట్, ల్యాప్‌టాప్, ఆఫీసు సర్వర్ వైపు చూడాలి. టీమ్ గ్రూప్‌లో "అందరికీ ఇంతేనా?" అని ఒక్క మాట అడిగితే సర్వర్ సంగతి కూడా తేలిపోతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది పాస్‌వర్డ్ దగ్గర. గడువు తీరిందని ఫోన్‌లో పోర్టల్ తెరిచి పాస్‌వర్డ్ మార్చారనుకోండి. ఇంట్లో ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఆ విషయం ఇంకా తెలీదు. చాలా కంపెనీల సెటప్‌లో విండోస్ తన దగ్గర దాచుకున్న పాత వివరాలతోనే లాక్ స్క్రీన్ తెరుస్తుంది. వీపీఎన్ మాత్రం నేరుగా ఆఫీసు సర్వర్‌ని అడుగుతుంది కాబట్టి దానికి కొత్తదే కావాలి. అంటే ల్యాప్‌టాప్‌కి పాతది, వీపీఎన్‌కి కొత్తది. ఇది తెలియక ఒకే పాస్‌వర్డ్‌ని పదిసార్లు కొడితే అకౌంట్ లాక్ అయి కూర్చుంటుంది. రెండుసార్లు ఫెయిలైతే ఆగిపోండి.

ఓటీపీ యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. అది ఫోన్ గడియారం ఆధారంగా తయారవుతుంది, దానికి సిగ్నల్ కూడా అక్కర్లేదు. గడియారం ఒకట్రెండు నిమిషాలు తేడాగా ఉంటే కోడ్ సరిగ్గా కొట్టినా తిరస్కరిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్ ఆన్ చేస్తే చాలు. కొత్త ఫోన్ కొనే వాళ్లకి (అంటే ఈ సైట్ చదివే సగం మందికి!) ఇంకో మాట: కొత్త ఫోన్‌లో ఆఫీసు అకౌంట్ రిజిస్టర్ చేసి, లాగిన్ అయి చూశాకే పాతది రీసెట్ చేయండి, ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వండి. బ్యాకప్‌లో అకౌంట్ పేరు తిరిగొచ్చినంత మాత్రాన అప్రూవల్ వస్తుందని గ్యారంటీ లేదు. మీరు లాగిన్ చేయకుండానే అప్రూవ్ చేయమని నోటిఫికేషన్ వస్తే మాత్రం డినై కొట్టి వెంటనే ఐటీ టీమ్‌కి చెప్పండి. మీ పాస్‌వర్డ్ ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు.

ఇక కనెక్టెడ్ అని చూపిస్తూ ఏమీ తెరుచుకోని కేసు. నాకు ఇదే ఇంట్రెస్టింగ్. చాలా ఇళ్లలో రూటర్ 192.168.1 లేదా 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తుంది. ఆఫీసు సర్వర్ కూడా అదే వరసలో ఉంటే ల్యాప్‌టాప్ దాన్ని మీ ఇంట్లోనే వెతుకుతుంది. ఒకే డోర్ నంబర్ రెండు వీధుల్లో ఉంటే డెలివరీ బాయ్ దగ్గరున్న ఇంటికే వెళ్లినట్టు. రూటర్ ల్యాన్ సెట్టింగ్స్‌లో అడ్రస్‌ని 192.168.73.1 లాంటిదానికి మార్చేస్తే ఈ తికమక పోతుంది.

సర్వర్ ఐపీ కొడితే తెరుచుకుని, పేరు కొడితే తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ సమస్య. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉంటే ఆఫీసు లోపలి పేర్లని బయటి సర్వర్‌ని అడుగుతుంది, దానికవి తెలియవు. ఆఫ్ చేసి చూడండి.

చిన్న పేజీలు వస్తూ, పెద్ద ఫైళ్లు మాత్రం మధ్యలో ఆగిపోతుంటే ఎమ్‌టీయూ మీద అనుమానపడాలి. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ సైజు 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండ్‌లో మామూలుగా అది 1492కి తగ్గుతుంది. దాని మీద వీపీఎన్ తన సొంత హెడర్లు కూడా తగిలిస్తుంది. పట్టని ప్యాకెట్ దారిలో పోతే డౌన్‌లోడ్ వేలాడుతూ ఉండిపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ సైజు మార్చే పర్మిషన్ మీకు ఉండకపోవచ్చు, కానీ టికెట్‌లో "పెద్ద ఫైళ్లే ఆగుతున్నాయి, ఎమ్‌టీయూ చూడండి" అని రాస్తే సగం పని అయినట్టే.

తెగిపోతూ ఉండటానికి ఫోన్‌లో ప్రధాన కారణం బ్యాటరీ సేవింగ్. వీపీఎన్ యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. ఆండ్రాయిడ్‌లో ఒక ప్రొఫైల్‌కి ఒకసారికి ఒకే వీపీఎన్ నడుస్తుంది. కొన్ని యాడ్ బ్లాకర్ యాప్‌లు కూడా ఆ చోటునే వాడుకుంటాయి. అది ఆన్ చేయగానే ఆఫీసు వీపీఎన్ పడిపోతుంది.

వీపీఎన్ కోసం యాంటీవైరస్ ఆపేయమనీ, ఏదో ఫ్రీ వీపీఎన్ వేసుకోమనీ చెప్పే వీడియోలు చూసే ఉంటారు. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆ ప్రయోగాలు వద్దు, ఉద్యోగానికే ఎసరు.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే టికెట్ పెట్టండి. "పనిచేయట్లేదు" అని ఊరుకోకుండా ఎర్రర్ నంబర్ యథాతథంగా రాయండి. విండోస్ సొంత వీపీఎన్‌లో 691 అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వైపు తేడా. 809 అంటే సర్వర్ నుంచి జవాబు రాలేదు, దారిలో ఫైర్‌వాలో రూటరో అడ్డుపడి ఉండొచ్చు. ఎన్నింటికి వచ్చింది, ఏ నెట్ మీద ఉన్నారు, హాట్‌స్పాట్ మీద ఏమైంది, స్క్రీన్‌షాట్. ఇవి ఉంటే అవతలి వాళ్లు మిమ్మల్ని మళ్లీ "రీస్టార్ట్ చేశారా?" దగ్గర్నుంచి మొదలుపెట్టించరు.