నాగార్జునకొండ: నీటి అడుగున విజయపురి

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కినవారికి కొంతసేపటికి జలాశయము నడుమ ఒక ద్వీపము కానవచ్చును. అది పుట్టుకతో ద్వీపము కాదు. చుట్టునున్న లోయ మునిగిపోగా మిగిలిన కొండ. మన విద్యార్థులలో పలువురు విహారయాత్రకై అచటికి వెళ్ళి వచ్చినవారే. వారు చూచినది కొండనే గాని నగరమును కాదు.

క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలో వెలసినది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికమతాభిమాని. అతని సోదరి శాంతిశ్రీ మాత్రము బుద్ధుని భక్తురాలు. మేనల్లుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరమున ఆమె మహాచైత్యమునకు ఆయకస్తంభములు నిలిపినట్లు ప్రాకృత శాసనములు తెలుపుచున్నవి. ఉపాసిక బోధిశ్రీ సింహళ భిక్షువులకై చైత్యగృహము కట్టించినది. ఆమె శాసనమున కాశ్మీర, గాంధార, చీనా దేశముల పేర్లు కలవు. కార్తికేయుని ఆలయము, అష్టభుజస్వామి ఆలయము కూడ ఆ ఊరనే ఉండెను. ఒకే ఇంట అన్న యజ్ఞము చేయగా చెల్లెలు చైత్యమును సేవించుట, అల్పసంఖ్యాకుల కళాశాలలో చదువుకొను మనము ప్రత్యేకముగా గమనింపదగిన సంగతి.

1926లో ఈ శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. లాంగ్‌హర్స్ట్ 1927 నుండి 1931 వరకు త్రవ్వించెను. మహాచైత్యము లోపలిగోడలు బండిచక్రపు ఆకులవలె అమరియుండుట అప్పుడే బయల్పడినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. అప్పటినుండి త్రవ్వకములు కాలముతో పందెమైనవి. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు లోయనంతయు గాలించి, 30కి పైగా బౌద్ధ నిర్మాణములను గుర్తించిరి. ముఖ్యమైనవానిలో కొన్నిటిని కొండమీదను, మరికొన్నిటిని ఒడ్డున అనుపువద్దను తిరిగి నిలిపిరి. 1967లో కాలువలకు నీరు విడిచిరి.

ఈ మార్పిడిలో మనకు దక్కినదెంత, పోయినదెంత? కుడికాలువ నీరు పారిన పల్నాటి పొలమును చూచినవాడెవడును ఆనకట్టను తప్పుపట్టడు, నేనును పట్టను. కాని రాయిని తరలింపవచ్చునేగాని చోటును తరలింపలేము. ఏ వీధి ఏ విహారమునకు పోయెడిదో, నదీతీరపు ఆలయమునుండి చైత్యమునకు ఎంత నడకయో, ద్వీపముపైన పేర్చిన ఇటుకలు చెప్పజాలవు. పైగా అచటి కోటగోడలు ఇక్ష్వాకుల తరువాత అనేక శతాబ్దులకు కట్టినవి. రెండింటిని కలిపి చూచి భ్రమపడువారు పెక్కుమంది.

కావున ఈసారి వెళ్ళువారు శిల్పములకంటె ముందు మ్యూజియములోని లోయ నమూనాను చూడుడు. అందు మహాచైత్యపు తావును గుర్తుపెట్టుకొని వెలుపలికి వచ్చి, అది ఏ దిక్కున నీటి క్రింద నున్నదో వెదకుడు.