బల్క్ కూలరు కంట్రోలు పెట్టె మొరాయించినప్పుడు



పొదుగు నుండి వచ్చిన పాలు ఇంచుమించు 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమితో ఉంటాయి. ఆ వేడిమిలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరిగి పాలను పులియబెడతాయి. 4 డిగ్రీలకు చల్లబరిస్తే వాటి పెరుగుదల బాగా మందగిస్తుంది. క్యాన్లలో పాలు పంపేటప్పుడు ఒక క్యాను చెడితే కొద్ది కుటుంబాలకే నష్టం. బల్క్ కూలరు ఉన్న సంఘంలో ఊరి పాలన్నీ ఒకే తొట్టిలో చేరతాయి. ఆ తొట్టిని కాచేది ఒక చిన్న ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టె. కనుక దాని సంగతి కార్యదర్శికే కాదు, ప్రతి సభ్యునికీ కొంత తెలిసి ఉండాలి.

పెట్టె పనిచేసే విధానం

ఇందులో ముఖ్యమైనవి మూడు. తొట్టికి అమర్చిన సెన్సారు వేడిమిని పసిగడుతుంది. కంట్రోలరు ఆ కబురు అందుకొని అంకెలలో చూపుతుంది. దాని ఆజ్ఞ ప్రకారం రిలే, కాంటాక్టరు కలిసి కంప్రెషరుకు కరెంటు ఇస్తాయి, ఆపుతాయి.

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. కంట్రోలరు పాలను చూడదు, సెన్సారు చెప్పిన మాట నమ్ముతుంది. కాబట్టి ఏ లోపం కనిపించినా ముందుగా పాల అసలు వేడిమిని థర్మామీటరుతో చూడాలి. శుభ్రమైన గరిటెను పాలలో కాసేపు ఉంచి, పైపాలు తీసి కొలవండి. గాజు థర్మామీటరును తొట్టిలో ముంచరాదు. థర్మామీటరు సరైనదో కాదో తెలియాలంటే, నలగగొట్టిన మంచులో కొద్దిగా నీరు కలిపి అందులో ఉంచండి. సున్నా చూపాలి.

లోపాలు - కారణాలు

1. అంకెలు అసలు కనిపించకపోతే: కరెంటు పెట్టె దాకా రావడం లేదు. మెయిను, ఫ్యూజు, స్టెబిలైజరు చూడండి.

2. అంకెలు ఉండి కంప్రెషరు ఆడకపోతే: కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెషరు ఆడదు. దాని రక్షణ కోసం కంట్రోలరు కొన్ని నిమిషాలు ఆపి ఉంచుతుంది. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. మూడు ఫేజుల యంత్రమైతే ఒక ఫేజు పోయినా, లైను మరమ్మతు తరువాత లేక జనరేటరు కలిపినప్పుడు ఫేజుల వరుస మారినా రక్షణ రిలే అడ్డుకుంటుంది. అది పెట్టె చెడిపోవడం కాదు, పెట్టె తన పని చేయడమే.

3. అంకెలకు బదులు లోపం గుర్తు కనిపిస్తే: చాలా సార్లు సెన్సారు తీగ తెగి ఉంటుంది. ఎలుక కొరకడం సామాన్యమైన కారణం. అప్పుడు కొన్ని కంట్రోలర్లు కంప్రెషరును ఆపివేస్తాయి. మరికొన్ని నిర్ణీత నిమిషాలు ఆడించి ఆపుతూ ఉంటాయి. ఆ గుర్తును ఉన్నదున్నట్లు రాసుకొని మెకానిక్‌కు చెప్పండి.

4. పెట్టె 4 డిగ్రీలు చూపుతున్నా పైపాలు వెచ్చగా ఉంటే: పాలు కలియబెట్టే మోటారు ఆగిందేమో చూడండి. సెన్సారు సాధారణంగా అడుగు భాగంలో ఉంటుంది. అడుగు పాలు చల్లబడగానే కంట్రోలరు కంప్రెషరును ఆపుతుంది, పైపాలు అలాగే మిగులుతాయి. ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన లోపం. ఎందుకంటే అంకె చూసినవారికి అంతా సవ్యంగానే తోస్తుంది.

5. పాలు తగినంత చల్లబడినా పెట్టె ఎక్కువ వేడిమి చూపుతుంటే: పి.టి. 100 అనే సెన్సారు సున్నా డిగ్రీల వద్ద 100 ఓముల నిరోధం కలిగి, డిగ్రీకి సుమారు 0.385 ఓము చొప్పున పెరుగుతుంది. రెండు తీగల సెన్సారులో తుప్పు పట్టిన అతుకు 2 ఓములు అదనంగా చేర్చినా అంకె 5 డిగ్రీలు పెరిగిపోతుంది. కంప్రెషరు ఆగక పాలు అడుగున గడ్డకడతాయి, కరెంటు వృథా అవుతుంది.

6. కంప్రెషరు ఎంత ఆడినా పాలు చల్లబడకపోతే: పెట్టెను అనుమానించే ముందు కండెన్సరు రేకులు చూడండి. దుమ్ము, గడ్డిపరకలు పేరుకుంటే వేడి బయటకు పోదు. ఫ్యాను తిరుగుతున్నదా, ఓల్టేజి సరిపోతున్నదా అని కూడా చూడాలి. ఇవన్నీ బాగుంటే గ్యాసు తగ్గి ఉండవచ్చు. అది మెకానిక్ పని.

చేయకూడని పనులు

కాంటాక్టరును పుల్లతో నొక్కి కంప్రెషరును ఆడించరాదు. కంట్రోలరు హద్దు తప్పిపోయి యంత్రం కాలవచ్చు, మనిషికి షాకు తగలవచ్చు. తడి చేతులతో పెట్టె తెరవరాదు. తొట్టి కడిగేటప్పుడు పెట్టె మీద నీళ్ళు పడనీయరాదు. తోచినట్లు మీటలు నొక్కి కంట్రోలరులోని అంకెలు మార్చరాదు.

పాల సంగతి

యంత్రం కోసం పాలు ఆగవు. లోపం త్వరగా తీరదని తోస్తే వెంటనే యూనియనుకు కబురు చేసి టాంకరును ముందుగా రప్పించండి, లేదా పాలను దగ్గరి శీతలీకరణ కేంద్రానికి పంపండి. చల్లని పాలలో కొత్తగా వచ్చిన వెచ్చని పాలు పోయకండి. పంపే ముందు కొద్దిగా పాలు మరిగించి విరుగుతాయేమో చూడండి. పాలలో మంచుగడ్డలు వేయడం, పులుపు కప్పిపుచ్చడానికి సోడా కలపడం కల్తీ క్రిందికి వస్తాయి. ఒక పూట నష్టం కంటె సంఘం పరువు పోవడం పెద్ద నష్టం.

రిజిస్టరు

ఉదయం, సాయంత్రం సమయం, ఓల్టేజి, పెట్టె చూపిన అంకె, థర్మామీటరు చూపిన అంకె, పాల పరిమాణం రాయండి. రెండు అంకెల మధ్య తేడా 2 డిగ్రీలు దాటితే ఆ రోజే మెకానిక్‌కు తెలియజేయండి. పాలు పులిసిన రోజున తప్పు పోసినవారిదని కార్యదర్శి, కార్యదర్శిదని సభ్యులు, కరెంటుదని మెకానిక్ అనుకోవడం తనిఖీలలో తరచు వింటున్న మాటే. రిజిస్టరు సక్రమంగా ఉన్నచోట ఈ తగవు పెరగదు. ఏ పూట, ఏ గంటకు వేడిమి పెరిగిందో కాగితమే చెబుతుంది.

సభ్యులు పాలు పోయడానికి వచ్చినప్పుడు ఒకసారి పెట్టెలోని అంకె చూసి, రిజిస్టరు అడగండి. అడగడం మీ హక్కు, చూపడం కార్యదర్శి విధి.