యోగ్యతాపత్రిక నడుగుట అవిశ్వాసమా?

పాఠము: అపొస్తలుల కార్యములు 18:24–28



అపొల్లో మంచి వక్త. లేఖనములు బాగుగా నెరిగినవాడు. అయినను అతడు అకయకు పోదలచినప్పుడు ఎఫెసులోని సహోదరులు అక్కడి శిష్యులకు అతనిగూర్చి ఉత్తరము వ్రాసిరి. ఆ ఉత్తరము అపొల్లోకు అవమానము కాదు. ఎరుగని ఊరివారు అతనిని నమ్మి చేర్చుకొనుటకు అది ఆధారము. అంతకుముందే అకుల ప్రిస్కిల్లలు అతనికి తెలియని సంగతులను విశదపరచిరని అదే అధ్యాయములో చూచుచున్నాము. చక్కగా మాటలాడువాడు సమస్తమును ఎరిగినవాడు కాడు.

ఈ పాఠమును ఈ నెల తీసికొనుటకు కారణము గలదు. అప్పులవలన, మిరప పంట పోవుటవలన, ఇంటిలోని త్రాగుడువలన మనస్సు చెదరినవారు మన సంఘములలో ఉన్నారు. వారిని భూతవైద్యునియొద్దకు గాక చదివినవారియొద్దకు తీసికొని పోవు అలవాటు పెరుగుచున్నది. ఇందుకు సంతోషించుచున్నాము. అయితే బోర్డుమీది అక్షరములకు అర్థమేమో మనలో చాలమందికి తెలియదు.

మా ఎరుకలోని ఒక యువరైతు మానసిక వైద్యుడు వ్రాసిన మాత్రలు వాడుచు కొంత కుదుటపడెను. ఇంతలో కౌన్సెలరు అని బోర్డు పెట్టుకొనిన యొకడు, మాత్రలు అలవాటైపోవును, పది మారులు తనయొద్దకు వచ్చిన చాలునని చెప్పి సొమ్ము తీసికొని, మాత్రలు మాన్పించెను. నెల తిరుగకముందే ఆ పిల్లవానికి నిద్ర దూరమాయెను. ఒక రాత్రి పురుగుమందు డబ్బా చేతనుండగా తల్లి చూచి లాగివేసెను. ఇప్పుడతడు మరల విజయవాడ పెద్దాసుపత్రికి పోయి మందు తెచ్చుకొనుచున్నాడు. ఆ బోర్డు వెనుక ఏ చదువున్నదని ఆ యింట ఎవరును అడుగలేదు. అడుగుట మర్యాద కాదనుకొనిరట!

కావున ఎవరు ఏ పనికి యోగ్యులో తెలిసికొందము. సైకియాట్రిస్టు అనగా మొదట ఎం.బి.బి.ఎస్. చదివి, తరువాత మూడేండ్ల ఎం.డి. గాని, రెండేండ్ల డి.పి.ఎం. గాని మానసిక వైద్యములో ముగించిన వైద్యుడు. అతని పేరు మెడికల్ కౌన్సిలు రిజిస్టరులో నుండును. మాత్రలు వ్రాయుట, తగ్గించుట, మాన్పుట వైద్యుని పని. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు. పరీక్షలు చేసి, మాటలద్వారా క్రమముగా చికిత్స చేయును. అతడు మనస్తత్వశాస్త్రములో ఎం.ఎ. తరువాత రెండేండ్ల ఎం.ఫిల్. వంటి శిక్షణ ఆసుపత్రిలో పొందినవాడై, 1992 నాటి చట్టము ప్రకారము భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకొని యుండవలెను. మండలి అతనికొక నంబరు ఇచ్చును. ఉత్త ఎం.ఎ. చాలదు. మానసిక రోగులకొరకు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, సోషల్ వర్కర్లు కూడ ఉన్నారు. వీరినందరిని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పేర్కొనుచున్నది.

ఇక కౌన్సెలరు అను మాట. చిక్కంతయు ఇక్కడనే యున్నది. రెండేండ్లు చదివి పెద్దలయొద్ద అభ్యాసము చేసినవాడును కౌన్సెలరే, మూడు దినముల తరగతికి పోయి సర్టిఫికెటు తెచ్చుకొనినవాడును కౌన్సెలరే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము కౌన్సెలర్లను కూడ పట్టికలో చేర్చి, రిజిస్టర్లు ఉంచవలెనని చెప్పినది. బోర్డును చూచి మాత్రము నమ్మరాదు. ప్రభుత్వాసుపత్రిలో హెచ్.ఐ.వి. పరీక్షయొద్ద కూర్చుండు కౌన్సెలరు తన పనిలో ఎంతో మేలు చేయుచున్నాడు. అతనినే పిచ్చికి మందడిగిన యెడల తప్పు మనదే.

డాక్టరు అను మాటయు అట్టిదే. పిహెచ్.డి. చేసినవారును డాక్టరే. మన సంఘములలో డి.డి. అను గౌరవ బిరుదు పొందిన సేవకులును డాక్టర్లే. వారియొద్ద ప్రసంగము వినవచ్చును గాని నిద్రమాత్రలు అడుగరాదు.

మా మాట చెప్పవలెనన్న, సెమినరీలో మాకు కాపరి పరామర్శనుగూర్చి పాఠములు చెప్పిరి. దుఃఖపడువారితో కూర్చుండుట, ఓపికతో వినుట, ప్రార్థించుట మా పని. అది చికిత్సకు పత్రిక కాదు. చెవులలో స్వరములు వినబడుచున్నవని ఒకడు చెప్పినప్పుడు, లేక చావవలెనని తోచుచున్నదని చెప్పినప్పుడు, ప్రార్థించి, ఆ దినముననే అతనిని వైద్యునియొద్దకు పంపు కాపరియే తన పని చేసినవాడు. సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టి, తరువాత గాయపడినవానిని పూటకూళ్లవానికి అప్పగించెను గదా.

వెళ్లినచోట సిగ్గుపడక అడుగుడి: అయ్యా, మీ చదువేది? ఏ కౌన్సిలులో పేరున్నది? నంబరెంత? యోగ్యుడు కోపపడడు, గోడమీది కాగితము చూపును. కోపపడిన యెడల లేచి రండి. ఎన్ని మారులు రావలెనో, ఎంత సొమ్మగునో ముందే అడుగుడి. వైద్యుడు వ్రాసిన మందును వైద్యుడు కానివాడు మాన్పుమనిన యెడల, ఆ వైద్యుని అడుగక మానవద్దు. పునరావాస మండలి రిజిస్టరును ఫోనులో వెదకవచ్చును. మన యువజనులకు అది అయిదు నిమిషముల పని. ఆదివారము ఆరాధన తరువాత పేరును, నంబరును వారికి చూపుడి.

2022 ఏప్రిలునుండి మన నందిగామ, జగ్గయ్యపేటలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి, జిల్లా కేంద్రమైన విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగము గలదు. బస్సుకు సొమ్ములేనివారు, రాత్రివేళ దిక్కుతోచనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో ఆరంభమైనది. రేయింబవళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడుదురు. ఈ నంబరును బైబిలు అట్ట లోపల వ్రాసి యుంచుకొనుడి. పురుగుమందు డబ్బాను ఇంటిలో గాక, తాళముగల చోట ఉంచుడి.