సంకర సజ్జ గింజను విత్తనమునకు దాచరాదు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల మెట్ట రైతు మంచి కంకులనేరి మరుసటి యేటి విత్తనమునకు దాచుకొనుట నాటు సజ్జ విషయమున మెచ్చదగిన పద్ధతియే. సంకర సజ్జకు మాత్రమిది నష్టకరము. కంకి చూపునకెంత బాగున్నను ఫలము లేదు.

ప్రతి మొక్కలోను ఒక్కొక్క గుణమునకు తల్లి జన్యువొకటి, తండ్రి జన్యువొకటి యుండును. 1965లో మన దేశమున విడుదలయైన హెచ్.బి.1 మొదలుకొని సంకర సజ్జలలో నీ రెండును పెక్కు గుణములయందు భిన్నములు. వాని యేపునకు మూలమిదియే. ఆ గింజను మరల విత్తినచో జతలు విడిపోవును. ఏ యొక్క గుణమును చూచినను, నూరు మొక్కలలో సుమారు యేబదింట మాత్రమే భిన్నమైన జత నిలుచును.

పుప్పొడి సంగతి చూడుడు. సంకర విత్తనమునిచ్చు తల్లి మొక్కకు పుప్పొడి యుండదు. తండ్రి జన్యువొక్కటి చేరుటచేతనే సంకర మొక్కకది కలుగుచున్నది. దాచిన గింజ విత్తినచో సుమారు నాలుగవవంతు మొక్కలకా జన్యువు దక్కదు. పుప్పొడి సకాలమున నందని కంకులకు తేనెబంక తెగులు సులభముగ సోకును.

కావున సంకర విత్తనమును ఏటేట కొనవలెను. అంత వ్యయమునకు జంకు రైతు ఐ.సి.టి.పి. 8203 వంటి సంకరము కాని రకమును విత్తి, పొరుగు చేలకు దూరముగ, చేని నడుమనుండి విత్తనము తీసికొనవచ్చును. అప్పుడును రెండు మూడు కంకులు చాలవు. పెక్కు మొక్కల కంకులను కలిపి నూర్చవలెను.