ఇల్లు కొనేముందు బోరు నీళ్ల రిపోర్టు

ఇల్లు చూడ్డానికి వెళ్తే కుళాయి తిప్పి దోసిట్లో పట్టి ఓ గుక్క తాగుతాం. తియ్యగా ఉంటే మనసు నిమ్మళిస్తుంది. పసిపిల్లలున్న అమ్మానాన్నలకు నా మాట: ఆ గుక్కను నమ్మకండి. ఫ్లోరైడుకీ నైట్రేటుకీ రంగు ఉండదు, నాలుకకు తెలియదు.

అపార్ట్‌మెంట్ నిర్మాణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం బిల్డరు పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాల్లో సాధారణంగా భూగర్భ జలాల పట్టిక ఉంటుంది. మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.

అంకెలు చూసేముందు నమూనా ఎక్కడిది, ఏ నెలలో తీశారో చూడండి. పక్క ఊరి చేతిపంపు నీళ్లు మీరు తాగబోయే బోరు నీళ్లు కావు. రెండొందల అడుగుల్లో దొరికే నీరు వేరు, ఎనిమిది వందల అడుగుల్లో దొరికేది వేరు. వానలు పడ్డాక తీసిన నమూనా ఒక్కటే ఉంటే ఎండాకాలం రిపోర్టు కూడా అడగండి. ‘బీడీఎల్’ అని ఉంటే సున్నా అనుకోవద్దు, ఆ పరీక్షకు అందనంత తక్కువ ఉందని మాత్రమే.

ఇక పిల్లల కోసం రెండు వరుసలు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. నల్గొండ పక్క ఇది రాతిలోంచే ఊరుతుంది, ఫ్యాక్టరీ ఏదీ లేకపోయినా సరే. చిగుళ్ల కింద పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, ఎక్కువైతే పంటి మీద సున్నపు మచ్చలు, ముదిరితే గోధుమరంగు చారలు వస్తాయి. వచ్చాక తోమితే పోవు. నైట్రేటు 45 దాటకూడదు. సెప్టిక్ ట్యాంకుల నుంచి, పొలాల ఎరువుల నుంచి దిగుతుంది. డబ్బాపాలు కలిపే నీటిలో అది ఎక్కువైతే నెలల బిడ్డ రక్తం ఆక్సిజన్ సరిగ్గా మోయలేదు, ఒళ్లు నీలంగా మారుతుంది. మరగబెడితే ఈ రెండూ పోవు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడతాయి. గీజరుకు తెల్లగా పెచ్చు కట్టించే కాఠిన్యం వీటిముందు చిన్న సంగతి.

ఆర్వో పెట్టుకుంటే చాలామటుకు తగ్గుతాయి, పొరలు వేళకు మారుస్తుంటే. కానీ నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ముంచి ‘బాగుంది’ అంటే సరిపోదు, ఆ అంకె ఫ్లోరైడు సంగతి చెప్పదు.

అడ్వాన్సు ఇచ్చేముందు మీరే ఒక నమూనా పట్టండి. బోరు పది నిమిషాలు పోనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నింపి, తేదీ, బోరు లోతు రాసి అంటించి, గుర్తింపు ఉన్న ల్యాబుకు అదే రోజు అందించండి. ఫ్లోరైడు, నైట్రేటు తప్పక చూడమని నోటితోనూ చెప్పండి.