ఎఱ్ఱ రక్తకణములును విటమినులును

రక్తమునకు ఎఱుపురంగు నిచ్చునవి ఎఱ్ఱకణములు. ఊపిరితిత్తులయందు ప్రాణవాయువును గ్రహించి సర్వావయవములకును జేర్చుట వీని పని. ఇవి యెముకలలోని మూలుగయందు పుట్టి, సుమారు 120 దినములు జీవించి నశించును. కావున మూలుగ యహోరాత్రములు క్రొత్తకణములను సిద్ధపఱచుచుండవలెను. దీనికి ఇనుము ముఖ్యము. ఇనుము చాలకపోవుటచేతనే పాండురోగము విస్తారముగా గలుగుచున్నది. అయినను ఇనుమొక్కటియే చాలదు. కుమ్మరికి మన్ను సమృద్ధిగా నున్నను సారె తిరుగనిచో కుండలు దిగవు గదా! అట్లే విటమినులు లోపించినచో ఇనుమున్నను మంచి కణములు తయారు కావు.

ఈ సంగతి కొంతవఱకు మన దేశమందే బయలుపడెను. 1928వ సంవత్సరమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణీస్త్రీలకు గలుగు తీవ్రమైన పాండురోగమును పరిశోధించిరి. రోగుల రక్తకణములు సంఖ్యలో తక్కువగను, పరిమాణమున మిక్కిలి పెద్దవిగను ఉండెను. లోపాహారముచే రక్తము క్షీణించిన కోతికి ఈస్టుసారమగు మార్మైటు నియ్యగా అది కోలుకొనెను. గర్భిణులకును దానివలన గుణము కనిపించెను. ఈ ఫలితములు 1931లో ప్రకటింపబడెను. ఆ సారములోని గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. 1941లో దీనిని పాలకూరనుండి వేఱుపఱచిరి. 1945లో అమెరికాయందలి లెడర్లే ప్రయోగశాలలో దీనిని కృత్రిమముగా తయారుచేసిరి. అచటి పరిశోధనలకు అధ్యక్షుడు భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

కణము రెండుగా చీలుటకు ముందు తన కేంద్రములోని ద్రవ్యమునకు ప్రతి నొకదానిని సిద్ధపఱచుకొనవలెను. ఈ కార్యమునకు ఫోలిక్ ఆమ్లమును, 1948లో కనుగొనబడిన బి12 విటమినును రెండును అవసరము. ఇవి లోపించినచో కణము చీలజాలక లావగుచుండును. పెక్కు కణములు మూలుగయందే నశించును. అప్పుడు దేహము పాలిపోవుట, నడచిన ఆయాసము, గుండెదడ, నాలుకమంట మొదలగు చిహ్నములు తోచును.

ఇచట నొక హెచ్చరిక ముఖ్యము. బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనిపించును గాని, నరముల చెఱుపు లోలోపల సాగుచునే యుండును. పాదములు తిమ్మిరెక్కి, నడక తడబడి, తుద కా చెఱుపు నిలిచిపోవచ్చును. కావున రక్తపరీక్ష లేక స్వయముగా మందు వాడరాదు.

ఫోలిక్ ఆమ్లము ఆకుకూరలు, పెసలు, శనగలు, కాలేయము మున్నగువానిలో గలదు. కూరను మితిమీరి ఉడికించి ఆ నీటిని పారబోసినచో ఇది చాలవఱకు నష్టమగును. బి12 పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములయందు దొరకును; శాకాహారులు పాలు, పెరుగు మానరాదు. ఉసిరి, నిమ్మ, జామలలోని సి విటమిను ఇనుమును దేహమునకు పట్టించును; భోజనముతో త్రాగు తేనీరు దానిని అడ్డగించును.

గర్భిణులు నాల్గవ మాసమునుండి 180 దినములును, ప్రసవానంతరము మఱల 180 దినములును, దినమున కొకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఇనుమును 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గల మాత్రను సేవింపవలెనని భారత ప్రభుత్వము నిర్ణయించినది. మలము నల్లబడెనని భయపడి మాత్రలను మానుట తగదు. అది ఇనుమువలన గలుగు మార్పే. తల్లి రక్తము పుష్టిగా నుండుట తల్లీబిడ్డల యిరువుర ప్రాణములకును రక్ష.