బ్రతుకుతెరువు బాట

బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచి వెళ్ళడం మన ప్రాంతం వారికి కొత్త కాదు. తెల్లవారక ముందే తిరుత్తణి స్టేషనులో అన్నం క్యారియరు పట్టుకొని చెన్నై వైపు రైలెక్కేవారిని మీరు చూసే ఉంటారు. మగ్గం పనితో ఇల్లు గడవక పళ్ళిపట్టు, పొదటూరుపేట ప్రాంతాల నుండి ఫ్యాక్టరీ పనులకు వెళ్ళినవారున్నారు. గల్ఫు దేశాలకు విమానమెక్కినవారూ ఉన్నారు. మరొక వైపు ఇటుక బట్టీలలో పనిచేయడానికి ఒడిషా నుండి మన జిల్లాకు వచ్చేవారున్నారు. ఇలా మన తిరువళ్ళూరు జిల్లా వలస పోయేవారికి పుట్టినిల్లు; వలస వచ్చేవారికి విడిది.

వలస పోవడం తప్పు కాదు. ఏమీ తెలియకుండా పోవడమే ప్రమాదం. ఎక్కడికి పోతున్నాము, ఏ షరతుల మీద పోతున్నాము, కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి – ఈ మూడూ తెలిసినవాడు ధైర్యంగా వెళ్ళి గౌరవంగా తిరిగి వస్తాడు.

ఓడ ఎక్కినవారు

1860 అక్టోబరు నెలలో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు రేవు నుండి దక్షిణ ఆఫ్రికాకు బయలుదేరింది. అందులో 342 మంది ఉన్నారు. నవంబరు 16న ఆ ఓడ నేటాలులోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటలలో కూలి పని చేయడానికి భారతదేశం నుండి అక్కడికి వెళ్ళిన మొదటి బృందం అదే. 1911 వరకు ఇలా నేటాలుకు వెళ్ళినవారు సుమారు 1,52,000 మంది. వారిలో తమిళులు, తెలుగువారు ఎక్కువ. ఆనాడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నుండి ఓడ ఎక్కినవారు చాలామంది.

వారందరూ అయిదేండ్లు పనిచేస్తామని ఒక ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేశారు. 'అగ్రిమెంటు' అనే మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. ఆ పత్రంలో ఏమున్నదో చదవగలిగినవారు బహు కొద్దిమంది. గడువు తీరక ముందు యజమానిని విడిచిపోతే అది నేరం. జైలు శిక్ష పడేది. గడువు తీరిన తరువాత అక్కడే స్వేచ్ఛగా ఉండదలచినవారిపై 1895లో చేసిన చట్టం ద్వారా ఏటా మూడు పౌనుల తలపన్ను వేశారు.

1894లో బాలసుందరం అనే తమిళ కూలీ గాంధీజీ వద్దకు వచ్చాడు. యజమాని కొట్టిన దెబ్బలకు అతని ముందు పళ్ళు విరిగి నోటినుండి రక్తం కారుతోంది. తలపాగా తీసి చేత పట్టుకొని నిలబడ్డాడు. తెల్లవారి ఎదుట కూలీలు అలా నిలబడాలనే అలవాటు అక్కడ ఉండేది. గాంధీజీ అతనిని తలపాగా చుట్టుకొమ్మన్నారు. డాక్టరుకు చూపించి గాయాల గురించి వ్రాతమూలకంగా పత్రం తీసుకున్నారు. న్యాయాధికారి వద్దకు తీసుకొని వెళ్ళారు. చివరకు బాలసుందరం మరొక యజమాని వద్దకు మారగలిగాడు.

ఈ సంగతి తోటలన్నిటా పాకింది. మన మొర వినేవారు ఒకరున్నారని కూలీలకు తెలిసింది. తరువాత సాగిన సత్యాగ్రహ ఫలితంగా 1914లో తలపన్ను రద్దయింది. 1917లో భారతదేశం నుండి ఒప్పంద కూలీలను పంపడం ఆగిపోయింది.

ఇటుక బట్టీలో

నేటాలు కూలీల చేత ఒక కాగితం ఉండేది. దానిని చదవలేకపోవడం వారి కష్టం. మన జిల్లాలోని ఇటుక బట్టీలకు వచ్చే కూలీలకు చాలాసార్లు ఆ కాగితమైనా ఉండదు.

పశ్చిమ ఒడిషాలోని బలాంగీరు, నువాపడా వంటి జిల్లాలలో పంట కోతలు ముగిసిన తరువాత పనులుండవు. అప్పుడు మధ్యవర్తి వచ్చి కుటుంబానికి ముందుగా కొంత పైకం ఇస్తాడు. ఆలుమగలు, పిల్లలు కలిసి బట్టీకి వస్తారు. వేయి ఇటుకలకు ఇంత అని కూలి లెక్క కడతారు. వారం వారం తిండి ఖర్చుకిచ్చిన డబ్బును అందులో తగ్గిస్తారు. లెక్క యజమాని పుస్తకంలోనే ఉంటుంది. ఎన్ని ఇటుకలు చేశామో, ఎంత అప్పు తీరిందో కూలీకి తెలియదు. అప్పు తీరేదాకా కదలరాదని అడ్డగిస్తే అది వెట్టిచాకిరి అవుతుంది.

1976లో మన దేశంలో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దాని ప్రకారం వెట్టి అప్పు చెల్లదు. దానిని తీర్చవలసిన పని లేదు. విడుదలైనవారికి అధికారులు విడుదల పత్రం ఇస్తారు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరియే అని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన జిల్లాలోని బట్టీల నుండి ఒడిషా కూలీలను అధికారులు వందల సంఖ్యలో విడిపించిన సందర్భాలున్నాయి.

బట్టీలలోని పిల్లలకోసం ఒడియా పాఠ్యపుస్తకాలు తెప్పించి, ఒడియా తెలిసినవారి చేత చదువు చెప్పించే ఏర్పాటు కూడా మన జిల్లాలో జరిగింది. తమిళనాడులో తెలుగులో చదువుకొంటున్న మీకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. మాతృభాషలో అక్షరం వచ్చిన పిల్లవాడు రేపు తన తండ్రి కూలి లెక్కను తానే చూడగలడు.

విదేశాలకు వెళ్ళేవారు

విదేశాలలో పనికి వెళ్ళేవారి రక్షణకు 1983లో ప్రవాస చట్టం చేశారు. చెన్నైలో ప్రవాసుల రక్షణాధికారి కార్యాలయం ఉంది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశాలతో సహా కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ఈ కార్యాలయం అనుమతి పొందాలి. ఆ అనుమతితో వెళ్ళేవారికి 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది.

కొందరు దళారులు ఈ నియమాలను దాటవేయడానికి సందర్శకుల వీసా మీద పంపుతారు. సందర్శకుల వీసాతో పనిచేయడం ఆ దేశంలో నేరం. పట్టుబడినవాడు జీతం అడగలేడు, పోలీసులకు చెప్పుకోలేడు. కనుక వెళ్ళేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

1. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా? లైసెన్సు గల ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకోవాలి. ఇచ్చిన సొమ్ముకు రశీదు అడగాలి.
2. వీసా పని చేయడానికి ఇచ్చినదేనా?
3. ఒప్పందంలో జీతం, పని గంటలు, వసతి, తిరుగు ప్రయాణం వ్రాసి ఉన్నాయా?
4. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం – వీటి నకళ్ళు ఇంటిలో ఉంచామా?

తమిళనాడు ప్రభుత్వం 1978లో విదేశ ఉద్యోగాల కోసం ఒక సంస్థను చెన్నైలో నెలకొల్పింది. దళారిని నమ్ముకొనే ముందు అక్కడ విచారించడం మేలు.

చేతిలో పని

కాగితాలు మోసం నుండి కాపాడుతాయి. జీతం పెంచేది మాత్రం చేతిలోని పనియే. ఇటుకలు మోసేవాని కూలి వేరు, గోడ కట్టే మేస్త్రీ కూలి వేరు. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు వంటి పనులు నేర్పుతారు. ఈ శిక్షణ సర్టిఫికెట్టుకు దేశమంతటా విలువ ఉంటుంది. అప్రెంటిసు శిక్షణలో చేరితే పని నేర్చుకొంటూనే భృతి పొందవచ్చు. బడికి పోకుండా పనిలోనే నేర్చుకొన్నవారికి కూడా పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి ఉంది.

2020లో కరోనా వలన దేశమంతటా రాకపోకలు ఆగిపోయినప్పుడు వేలాది వలస కూలీలు కాలినడకన సొంత ఊళ్ళకు బయలుదేరారు. వారెందరో, ఎక్కడివారో చెప్పే పూర్తి జాబితా ఆనాడు ప్రభుత్వం వద్ద లేదు. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయడానికి 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 'ఇ-శ్రమ్' ఏర్పాటు చేసింది. ఒకే రేషను కార్డుతో దేశంలో ఎక్కడైనా బియ్యం, గోధుమలు తీసుకొనే వీలు కూడా వచ్చింది. కానీ పేరు నమోదు చేసుకొన్నవారికే ఇవి అందుతాయి.

మీ ఇంటిలో ఎవరైనా రేపు పనికోసం దూరం వెళ్ళవలసి వస్తే, వారి ఒప్పందాన్ని మొదట చదివేది మీరే కావచ్చు. వేలిముద్ర వేయకముందే చదివి వినిపించండి. అర్థం కాని మాట ఉంటే గురువులను అడగండి. మీరు నేర్చుకొన్న అక్షరాలు ఆనాడు మీ వారికి అండగా నిలుస్తాయి.

అభ్యాసము

అ) అర్థాలు
విడిది = తాత్కాలికంగా ఉండే చోటు
మొర = కష్టం చెప్పుకోవడం
పైకం = డబ్బు
దళారి = మధ్యవర్తి
భృతి = శిక్షణ కాలంలో ఇచ్చే సొమ్ము

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సమాధానాలు వ్రాయండి.
1. నేటాలు కూలీలు ఏ షరతుల మీద పనిచేశారు?
2. గాంధీజీ బాలసుందరానికి ఎలా సహాయపడ్డారు?
3. ముందు పైకం కూలీని ఎలా బంధిస్తుంది? చట్టం ఏమి చెబుతోంది?
4. సందర్శకుల వీసాతో పనికి వెళ్ళడం వలన కలిగే నష్టాలేవి?

ఇ) సొంత వాక్యాలలో ప్రయోగించండి.
బ్రతుకుతెరువు, ఒప్పందం, వెట్టిచాకిరి

ఈ) విడదీసి సంధి పేరు తెలపండి.
పుట్టినిల్లు, రైలెక్కు

ఉ) చేసి చూడండి.
కూలి, పని గంటలు, వసతి, గడువు – ఈ నాలుగు అంశాలతో ఒక ఒప్పంద పత్రం నమూనా తెలుగులో వ్రాసి తరగతిలో చదవండి.